కింది హాలు ఎవరి పేరున

వకీలు ఓంప్రకాష్ కాగితాన్ని బల్ల మీద పాస్టర్ నర్సింగం వైపు తిప్పి, వేలితో మూడుచోట్ల తట్టాడు. వీలునామా గుజరాతీలో టైపు చేసి ఉంది. అన్నీ ఉన్నాయి. సూరత్‌లోని లింబాయత్ పేటలో ఇంటి నంబరు, గల్లీ పేరు, నర్సింగం వయసు డెబ్బై రెండు, భార్య లలితకుమారి, పిల్లలు ముగ్గురు. కింది హాలు, నడిమి అంతస్తు, పై అంతస్తు అని మూడు వరసలు. ఒక్కో వరస చివర ఒక్కో ఖాళీ. ఆ ఖాళీల్లో పెన్సిలుతో రాసి, రబ్బరుతో చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపి కాగితం అక్కడ పలచబడిపోయింది.

"పాస్టర్ సాబ్," అన్నాడు ఓంప్రకాష్ హిందీలో, "మూడు అంతస్తులు, ముగ్గురు పిల్లలు. ఇంత తేలికైన వీలునామా నా ముప్పై ఏళ్ల వకాల్తాలో చూడలేదు. నలుగురు కొడుకులకు మూడున్నర గదులు పంచినవాళ్లు కూడా ఒక్కసారిలో సంతకం పెట్టి వెళ్లారు. మీరు ఇది మూడోసారి రావడం."

"ఇంకో వారం టైమియ్యండి భాయ్."

"నేనిస్తాను. పైవాడు ఇవ్వాలి కదా."

నర్సింగం నవ్వాడు. కాగితాన్ని నాలుగు మడతలు చేసి, బైబిలు సంచిలో పెట్టుకుని, షేర్ ఆటో ఎక్కాడు.

పై అంతస్తుతో పేచీ లేదు. నడిమి అంతస్తుతోనూ లేదు. అవి ఎవరికిచ్చినా సంతోషంగా తీసుకుంటారు. చిక్కంతా కింది హాలుతోనే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆదివారం ఆదివారం ఆ హాల్లోనే తెలుగు సంఘం కూడుతోంది. నర్సింగం కోరేది పెద్దదేమీ కాదు. తను పోయాక కూడా ఆదివారం ఆ తలుపు తెరుచుకోవాలి. తెరిచేవాళ్ల మనసు నొచ్చుకోకూడదు. ఈ రెండూ ఒక్క పేరులో కలిసిరావడం లేదు. హాలును సంఘం పేరునే రాద్దామంటే, రిజిస్టరు కాని సంఘానికి రాసినది నిలవదని వకీలు మొదటి రోజే చెప్పాడు.

*

పరకాల దగ్గర పద్మశాలీల ఇంట్లో పుట్టిన నర్సింగం, పందొమ్మిదో ఏట సూరత్ బండెక్కాడు. అప్పట్లో లింబాయత్‌లో ఏ గల్లీలోకి తొంగిచూసినా కరెంటు మగ్గాల మోతే. కార్ఖానాలో పక్క మగ్గం మీద పనిచేసే మనిషి ఎప్పుడూ పెదవులు ఆడిస్తూ ఉండేవాడు. ఆ మోతలో మాట వినబడదు. మగ్గాల మనుషులు ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. 'బాబిన్ అయిపోయింది', 'సేటు వస్తున్నడు', 'చాయ్ తాగుదాం పా', ఇవన్నీ చప్పుడు లేకుండానే నడిచిపోయేవి. నర్సింగం ఆ మనిషి పెదవులు చదివి చదివి ఒక రోజు అడిగాడు, ఏం మాట్లాడుతున్నావని. పాట పాడుతున్నానన్నాడు. ఏసు పాట. ఆ పాట గొంతుతో ఎలా ఉంటుందో వినాలని అతని వెంట ఛుట్టీ రోజున ప్రార్థనకు వెళ్లాడు. అలా మొదలైంది.

బాప్తిస్మం ఇచ్చినప్పుడు పేరు మార్చుకోమన్నారు. "మా అవ్వ పెట్టిన పేరు. దానివల్ల ప్రభువుకు ఏం అడ్డమొస్తది?" అన్నాడు. వాళ్లు ఆలోచించి, ఏమీ అడ్డం రాదని ఒప్పుకున్నారు. అందుకే సూరత్‌లోని తెలుగు క్రైస్తవులకు ఇప్పటికీ ఒక నర్సింగం అయ్యగారు ఉన్నారు.

తర్వాత నాలుగు పాత మగ్గాలు కొనుక్కుని సొంత ఇంట్లోనే కింది భాగంలో వేసుకున్నాడు. వారమంతా నేత, ఛుట్టీ రోజున ఆ మగ్గాల మధ్యే ప్రార్థన. జనం మగ్గాల సందుల్లో కూర్చునేవాళ్లు. పెద్దకొడుకు వరప్రసాద్ పన్నెండేళ్లకే మగ్గం చప్పుడు విని జబ్బెక్కడో చెప్పేవాడు. సుమన్, సువార్త అప్పటికి చిన్నపిల్లలు.

సంఘం పెరిగింది. వానాకాలం వస్తే సగం మంది గల్లీలో తడుస్తూ నిలబడేవాళ్లు. ఒక ఆదివారం నర్సింగం ప్రసంగం ముగించి, "ఈ నెలాఖరుకు మగ్గాలు అమ్మేస్తున్న. ఇది మందిరమైతది," అని ప్రకటించాడు. జనం లేచి నిలబడి పాట అందుకున్నారు. పందొమ్మిదేళ్ల వరప్రసాద్ నాలుగో మగ్గం దగ్గర నిలబడి ఆ మాట అందరితో పాటే విన్నాడు. మగ్గాలు లారీ ఎక్కిన రోజున తనే బోల్టులు విప్పి ఇచ్చాడు. ఆ తర్వాత హాల్లోకి రావడం మానేశాడు.

సంఘం మానలేదు. ఇప్పుడు వరప్రసాద్ ఊరి బయట సచిన్ పారిశ్రామికవాడలో ఒక పెద్ద కార్ఖానాలో మగ్గాల మాస్టరు. ప్రతి ఆదివారం భార్యను తీసుకుని వస్తాడు. తను మాత్రం గుమ్మం బయట, బండికి ఆనుకుని నిలబడతాడు. వానొస్తే పక్కింటి చూరు కిందికి జరుగుతాడు. మిగతా రోజుల్లో వచ్చినా పక్క మెట్ల మీదుగా పైకి వెళ్లి తల్లి దగ్గర కూర్చుంటాడు.

మగ్గాలు పోయినా గుర్తులు పోలేదు. నేలలో దిగేసిన పదహారు బోల్టుల మొండేలు కూర్చోడానికి పరిచే దరీల కింద ఇప్పటికీ తగులుతాయి. మగ్గం ముఖం చూడని పిల్లలు కూడా "రెండో మగ్గం కాడ జాగ ఉన్నది, పోయి కూసో" అంటారు. సంఘంలో సగం మంది ముసలివాళ్లకు చెవులు మందం. వాళ్లు అయ్యగారి పెదవులు చూసే ప్రసంగం వింటారు. ఆయనా మైకు కన్నా పెదవులనే ఎక్కువ నమ్ముతాడు.

ఇదీ ఆ హాలు. దాన్ని సుమన్‌కు రాస్తే? సుమన్ చీరల గోడౌన్లో సూపర్‌వైజరు. మంచివాడే. కానీ లింబాయత్ మెయిన్ రోడ్డుకు నాలుగడుగుల దూరంలో ఉన్న హాలు వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉండటం చూస్తే అతను మనసులో కిరాయి లెక్క కట్టుకుంటాడు. "బాపు, మొబైల్ షాపోళ్లు అడుగుతున్నరు," అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. మనసులో మాట మాత్రం పోలేదు.

సువార్తకు రాస్తే? మున్సిపల్ తెలుగు బడిలో టీచరు. హాలును కళ్లకద్దుకుని చూసుకుంటుంది. కానీ ఆమె, భర్త, ఇద్దరు ఆడపిల్లలు బమ్రోలిలో ఒక్క గది కిరాయి ఇంట్లో ఉంటున్నారు. ఉండటానికి ఇల్లు కావలసిన బిడ్డకు మందిరం రాసిస్తే అది ఆస్తి అవుతుందా, బరువవుతుందా?

ఇక వరప్రసాద్. ఇరవై ఎనిమిదేళ్లుగా గుమ్మం తొక్కని మనిషికి అదే గుమ్మం రాసియ్యడం పుండు మీద కారం చల్లినట్టే. నర్సింగం ఆ పేరును పెన్సిలుతో కూడా ఎక్కువసేపు ఉంచలేదు.

*

సంఘంలో ఒక అలవాటుంది. గుమ్మం పక్కన మేకుకు చీరగుడ్డతో కుట్టిన సంచి వేలాడుతుంది. ఎవరికి ఏ కష్టమున్నా చీటీ రాసి అందులో వేస్తారు. పేరు రాయనక్కర్లేదు. చాయ్ పొడి అట్ట, మందుల రసీదు, చీర లేబులు, ఏది దొరికితే దాని మీదే. తెలుగులో కొన్ని, హిందీలో కొన్ని, సూరత్‌లో పెరిగిన పిల్లలవి గుజరాతీలో. మూడూ తడబడకుండా చదవగలిగేది సువార్త ఒక్కతే కాబట్టి ప్రతి ఆదివారం చీటీలు చదవడం ఆమె పని. ఒక్కో చీటీకి అయ్యగారు ప్రార్థన చేస్తాడు.

వకీలు దగ్గర నుంచి వచ్చిన శనివారం, లలితకుమారి కూరగాయలకు వెళ్లినప్పుడు, నర్సింగం ఒక చీర లేబులు వెనక పెద్ద పెద్ద అక్షరాలతో నాలుగు ముక్కలు రాశాడు. తన రాత గుర్తుపట్టకుండా నిలువుగా, గీతలు గీసినట్టు రాశాడు. కిందికి దిగి, హాలు తలుపు తీసి, సంచిలో వేసి పైకి వచ్చాడు. అందరి చీటీలకూ తను ప్రార్థన చేస్తాడు. తన చీటీకి అందరూ చేస్తే తప్పేముంది? లింబాయత్‌లో ముగ్గురు పిల్లలూ ఒక కింది గదీ ఉన్న ఇళ్లు వందుంటాయి. ఎవరు కనిపెడతారు?

ఆదివారం పాటలయ్యాయి. సువార్త సంచి తీసుకుని నిలబడింది. మొదటి చీటీ ఒక పిల్లవాడి పరీక్ష గురించి. రెండోది ఒకామె మోకాళ్ల గురించి, నాలుగు వారాల నుంచి అదే. మూడోది తీసి, తిప్పి చూసి, చదివింది.

"ఒక తండ్రికి ముగ్గురు పిల్లలు. ముగ్గురు మంచోళ్లే. ఇల్లు పంచాలె. కింది భాగం ఎవరికి రాస్తే ఎవరి మనసు నొస్తదో తండ్రికి తెలుస్తలేదు. అడుగుదామంటే భయమైతున్నది. ప్రార్థన చేయగలరు."

నర్సింగం కళ్లు మూసుకుని, "ప్రార్థన చేద్దాం," అన్నాడు.

మొదటి మగ్గం దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్న పరమేశ్ చెయ్యెత్తాడు. సంఘపెద్ద. నర్సింగంతో కలిసి ఒకే కార్ఖానాలో నేసినవాడు. రెండు చెవులూ మగ్గాలకే ఇచ్చేశాడు. సువార్త పెదవులు చూసి చీటీ అంతా విన్నాడు. చెవిటివాళ్ల గొంతు ఎప్పుడూ గల్లీ దాకా వినబడుతుంది.

"గది అయ్యగారి చీటీ," అన్నాడు.

ముందు వరసలో ఒక ముసలామె, "నీకెట్ల ఎరుక పరమేశూ?" అంది, అతనికి కనబడేలా పెదవులు సాగదీసి.

"ఎరుకేముంది. మనమందరం చీటీ మీద ముందుగాల ఏం రాస్తం? 'అయ్యగారికి వందనాలు' అని రాస్తం. గా చీటీల వందనాలు లెవ్వు. అయ్యగారు అయ్యగారికి వందనాలు ఎట్ల పెట్టుకుంటడు?"

ముందు ఎవరో ఒకరు నవ్వు ఆపుకోలేకపోయారు. తర్వాత హాలంతా నవ్వింది. ఆఖరి వరసలో ఫోను చూసుకుంటున్న సుమన్ తలెత్తాడు. సువార్త చేతిలోని లేబులును మళ్లీ చూసి తండ్రి వైపు చూసింది. గుమ్మం బయట బండికి ఆనుకున్న వరప్రసాద్ నిటారుగా నిలబడ్డాడు.

నర్సింగం ఆ రోజు చేసిన ప్రార్థన ఆయన జీవితంలో అన్నిటికన్నా చిన్నది.

*

జనం వెళ్లిపోయాక నడిమి అంతస్తులో అందరూ చేరారు. లలితకుమారి కంచాలు చప్పుడయ్యేలా పెడుతోంది.

"యాభై ఏండ్ల నుంచి పక్కన ఉన్నదాన్ని. నాకు చెప్పలే. పోయి పోయి సంచికి చెప్పినవు," అంది.

"నీకు చెప్తే నువ్వు పిల్లలకు చెప్తవని చెప్పలే."

"ఇప్పుడేమో పిల్లలకు తెల్వనే తెల్వదు పాపం. గల్లీ చివరి పాన్ డబ్బాయనకు తెలిసింది."

వరప్రసాద్ కిటికీ దగ్గర నిలబడి కింద గల్లీ చూస్తున్నాడు. సువార్త తండ్రి పక్కన కూర్చుని, "బాపు, నన్నడిగితే అయిపోయేది గదా. నాకేం వద్దు, మీరిద్దరూ మంచిగుంటే చాలు," అంది.

"గదే భయం బిడ్డా. అడిగితే నువ్వు గట్లనే అంటవు."

అన్నం తినడానికి ఆగిన పరమేశ్ ఇదంతా అందరి పెదవుల మీద చూస్తూనే ఉన్నాడు. పప్పు కలుపుకుంటూ అన్నాడు. "అయ్యగారూ, మన దిక్కు పంపకాలు ఎట్ల చేసెటోళ్లు? మర్చిపోయినవా? పెద్దోడు పంచాలె. చిన్నోళ్లు ముందుగాల ఏరుకోవాలె. ఆఖరికి మిగిలింది పెద్దోనిది. మిగిలింది తనకేనని తెలిస్తె పెద్దోడు తక్కువెక్కువ చేయడు. ఒక భాగం బంగారమోలె, ఒకటి మట్టోలె చేస్తె మట్టి వానికే దక్కుతది. మా తాతలు, ముత్తాతలు గిట్లనే పంచుకున్నరు. వకీలు లేడు, ఏం లేడు."

"అందరికన్న చిన్నది చెల్లె," అన్నాడు సుమన్. "ఆడపిల్ల సుత ఏరుకుంటదా మీ తాతల లెక్కల?"

"మా తాతల లెక్కల ఏరుకోదు," అన్నాడు నర్సింగం. "నా లెక్కల ఏరుకుంటది. ముందు సువార్త, తర్వాత నువ్వు."

"ఎటు చూసినా నేను నడుమనే," అన్నాడు సుమన్. "ముందు పుట్టినోనికి పంచుడు, ఆఖర్ల పుట్టినదానికి ఏరుకునుడు. నడుమ పుట్టినోనికి చూసుడు."

అందరూ నవ్వారు, వరప్రసాద్ తప్ప. అతను కిటికీ దగ్గర నుంచి తిరగకుండానే, "సరే. వచ్చే ఆయితారం పంచుత," అన్నాడు.

ఆ వారం నర్సింగానికి వకీలు దగ్గరికి వెళ్లినన్ని రోజుల్లోకెల్లా ఎక్కువ గుబులు. చిన్నవాళ్లిద్దరూ ఇళ్లే ఏరుకుంటారు, ఆదివారం కట్టుబాటున్న హాలు చివరికి వరప్రసాద్‌కే మిగిలేలా ఉంది. కారం చల్లొద్దనుకున్న చేతులే కారం డబ్బా అతని చేతికిచ్చి చల్లుకోమన్నట్టు అయింది.

*

తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక హాల్లో కుటుంబం, పరమేశ్ మాత్రం మిగిలారు. దరీలు చుట్టేసి గోడకు ఆనించారు. వరప్రసాద్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. ఒక్క క్షణం ఆగి, లోపలికి అడుగుపెట్టాడు. లలితకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏమన్నా అంటే వెనక్కి పోతాడేమోనని.

అతని జేబులో సుద్దముక్క ఉంది, బట్ట మీద నేత తప్పులకు గుర్తు పెట్టేది. నేల మీద మూడు డబ్బాలు గీశాడు, ఒకదాని మీద ఒకటి. బోల్టులున్న చోట్లు తప్పించి గీశాడు. చూడకుండానే తప్పించాడు.

"గిది పై అంతస్తు," అన్నాడు. "రెండు గదులు, మీద రేకుల గది. నీళ్ల ట్యాంకు, మోటరు గూడ దీనికే. డాబా మొత్తం దీనిదే."

సుమన్ కనుబొమలెగరేశాడు.

"నడిమిది. రెండు గదులు, వంటిల్లు, బాల్కనీ. పక్క మెట్ల కింద బండ్లు పెట్టుకునే జాగ దీనిది. అమ్మ, బాపు ఉన్నంత కాలం వాళ్లే ఉంటరు. తర్వాత తీసుకున్నోళ్లది."

సుద్దముక్కతో కింది డబ్బాను ఒకసారి తట్టాడు.

"గిది హాలు. నీళ్లు లెవ్వు. బాత్రూము లేదు. బండి జాగ లేదు. ఆయితారం సంఘానిది, ఎన్నటికీ. అమ్మొద్దు, కిరాయికియ్యొద్దు. గంతే."

సుమన్ కింది డబ్బా మీదికి వంగి చూశాడు.

"అన్నా," అన్నాడు సుమన్, "గిది భాగమా, జైలా? తీసుకున్నోడు తాళంచెవి పట్టుకొని తిరగాలె తప్ప ఇంకేం చేస్తడు?"

"పంచుడు నా పని. ఏరుకునుడు మీ పని."

నర్సింగం కింది డబ్బా గీతల వైపు చూశాడు. ఆ కోపం ఇంకా ఉందన్నమాట. హాలును పనికిరాని తునకను చేసి, ఇదీ నువ్వు మగ్గాలమ్మి సంపాదించిందని నేల మీద సుద్దతో గీసి చూపిస్తున్నాడు. సంఘానికి ఆదివారం వదిలాడు, అదొక్కటే దయ.

"సువార్తా," అన్నాడు పరమేశ్, "ఇగ నువ్వు ఏరుకో బిడ్డా. ఆమె ఏరుకునే దాక ఎవ్వరు నోరు మెదపొద్దు. గదే కట్టుబాటు."

సువార్త మూడు డబ్బాలూ చూసింది. పై డబ్బా దగ్గర ఆమె కళ్లు కొంచెంసేపు ఆగాయి. డాబా, రేకుల గది, ఇద్దరు ఆడపిల్లలు ఆడుకునే చోటు. తర్వాత తలెత్తి తండ్రిని చూసింది. ఆ చూపు నర్సింగానికి తెలుసు. చిన్నప్పుడు తన లడ్డూ తీసి ఆయన పళ్లెంలో వేసే ముందు అలాగే చూసేది. ఆమె హాలు ఏరుకోబోతోంది, ఆయన కోసం.

"నాకు..." అంది సువార్త.

అప్పుడు వరప్రసాద్ పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. తనలో తను అనుకుంటున్నానని అనుకున్నాడు. మగ్గాల మధ్య పెరిగినవాళ్లకు ఆ అలవాటు పోదు. మాట గొంతులో పుట్టకపోయినా పెదవుల మీదికి వచ్చేస్తుంది. సుమన్, సువార్త ఆ భాష నేర్చుకునేలోపే మగ్గాలు పోయాయి. నర్సింగం మాత్రం చదివాడు.

'కిందిది ముట్టకు చెల్లె. కిందిది ముట్టకు.'

ఆయన సుద్ద గీతల వైపు మళ్లీ చూశాడు. మోటరు పైకి. బండి జాగ నడిమికి. నీళ్లు లేవు, బాత్రూము లేదు, కిరాయి లేదు. ఎవరూ ఆశపడకుండా, ఎవరి చెయ్యీ అటు సాగకుండా హాలును ఇన్ని విధాల చెడగొట్టింది కోపంతో కాదు. పంచేవాడికి మిగిలిందే దక్కుతుంది. మిగిలేలా పంచాడు.

నర్సింగం కూడా చప్పుడు లేకుండానే పెదవులు కదిపాడు. కార్ఖానాలో ఈ మగ్గం నుంచి ఆ మగ్గానికి అడిగినట్టు.

'పెద్దోడా, నీకు కావాల్నా?'

వరప్రసాద్ ఉలిక్కిపడ్డాడు. తండ్రి తనతో ఆ భాషలో మాట్లాడి ఇరవై ఎనిమిదేళ్లు. నలభై ఏడేళ్ల మాస్టరు ముఖం కాసేపు పందొమ్మిదేళ్ల పిల్లవాడి ముఖంలా అయింది.

'కావాలె,' అన్నాయి పెదవులు.

"గిదేంది," అన్నాడు పరమేశ్ గల్లీ అంతా వినబడేలా. "నోరు మెదపొద్దంటె మీరిద్దరు మాట్లాడుకుంటున్నరు. పెద్దోనికి కింది హాలే కావాల్నంట. ఆ ముక్క మొదలు చెప్తె నేను ఇంట్ల పండుకునేటోన్ని."

మిగతావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లలితకుమారి కొంగు తీసేసింది. ఆమె కూడా కండెలు చుట్టిన మనిషే. ఆమె కూడా చదివే ఉంటుంది, పైకి చెప్పకపోయినా.

"అన్నా, నిజమేనా?" అంది సువార్త.

వరప్రసాద్ సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు.

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి," అన్నాడు నర్సింగం.

"నువ్వు అడగలే బాపు. మగ్గాలు అమ్మినప్పుడు గూడ అడగలే. అందరితోపాటు నేనూ ప్రసంగంల విన్న."

అందులో కోపం లేదు. పాత రసీదు తీసి చూపించినట్టు అన్నాడు. నర్సింగం తల ఊపాడు. సంఘం కోసం చేశాననీ, దేవుడు నడిపించాడనీ చెప్పడానికి మాటలున్నాయి. ఎన్నో ఆదివారాలు చెప్పినవే. ఇవాళ వాటిని బయటికి తియ్యలేదు.

"అవును. అడగాల్సింది," అన్నాడు. "నీకు చెప్పి, ఆ తర్వాత సంఘానికి చెప్పాల్సింది. తప్పు నాదే పెద్దోడా."

వరప్రసాద్ నేల వైపు చూశాడు. తర్వాత రెండో మగ్గం బోల్టు మీద కాలి బొటనవేలు పెట్టి అన్నాడు. "లోపలికొస్తె నాకు మగ్గాలే కనబడ్తయి. ప్రార్థన వినబడదు. గందుకే బయట నిలవడ్డ. అంతేగాని ఇంకేం లేదు. రేపు రిటైరైనంక ఇక్కడొక బల్ల వేసుకుంట. మగ్గాల సామాను రిపేరు చేసుకుంట. మా కార్ఖానాల గూడ తెచ్చిచ్చేటోళ్లు శానమంది ఉన్నరు. ఆరు రోజులు నేను, ఆయితారం మీరు."

"బల్లకు నీళ్లొద్దా?" అన్నాడు సుమన్. "చేతులకు నూనె అంటుకుంటె ఎక్కడ కడుక్కుంటవు? మోటరు పైకి ఎందుకు రాసినవు అన్నా?"

"మీరు కిందిది ముట్టొద్దని."

అప్పుడు సువార్త నవ్వింది. ఆ నవ్వులో కొంచెం తడి కూడా ఉంది.

"నేనే ముందుగాల ఏరుకోవాలె గదా పరమేశ్ పెదనాయిన? నాకు పై అంతస్తు. మోటరు నాదే. కానీ పైపు కిందికి వస్తది. సంఘం నీళ్లు తాగొద్దా?"

"నాకు నడిమిది," అన్నాడు సుమన్. "ఇంక మిగిలింది అదే గదా. పుట్టుడే నడుమ, ఉండుడూ నడుమనే. బండి జాగల మూడు బండ్లు పడ్తయి, అన్నది గూడ పెట్టుకోని."

"అమ్మయ్య," అన్నాడు పరమేశ్. "లలితమ్మా, ఇయ్యాల కూర ఏంది?"

*

నాలుగోసారి వచ్చిన పాస్టర్‌ను చూసి ఓంప్రకాష్ ముందుగా రబ్బరు తీసి బల్ల మీద పెట్టాడు. నర్సింగం దాన్ని పక్కకు జరిపి, మూడు పేర్లూ పెన్నుతోనే రాశాడు. ఆదివారం షరతు, నీళ్ల పైపు షరతు, బండ్ల షరతు చెప్పాడు. పైపు సంగతి వీలునామాలో ఎందుకని వకీలు అడిగాడు.

"అది నా బిడ్డ ఏరుకున్న భాగంలోంచి ఇచ్చింది భాయ్. రాయండి."

వకీలు రాశాడు. తిరగరాసి టైపు చేయించిన కాగితం మీద సాక్షిగా పరమేశ్ సంతకం పెట్టాడు. చదివి వినిపించమని అడిగితే, "చదవండ్రి, నేను చూస్త," అన్నాడు. గుజరాతీ పెదవులు తనకు అంతగా రావని తర్వాత ఆటోలో ఒప్పుకున్నాడు.

వరప్రసాద్ రిటైరయ్యేదాకా ఆగలేదు. మూడు వారాల తర్వాత ఒక శనివారం టెంపోలో బల్ల దిగింది. ముదురు టేకు, నాలుగు ఇనుప కాళ్లు. రెండో మగ్గం నాలుగు బోల్టుల మీద సరిగ్గా నిలిచేలా కొలిచి చేయించాడు. కదలకుండా బిగించి, చేత్తో ఊపి చూసుకున్నాడు. పైనుంచి సువార్త దింపించిన పైపు నీళ్లతో చేతులు కడుక్కున్నాడు.

ఆదివారం పొద్దున రెండో మగ్గం దగ్గర కూర్చునే మోకాళ్ల నొప్పుల ముసలామె వచ్చి బల్ల ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"గిక్కడ నేను కూసుంట. గిదేంది?"

"నా బల్ల పెద్దమ్మా."

"మరి నేనెక్కడ కూసోవాలె?"

వరప్రసాద్ హాలంతా చూశాడు. దరీలు నిండిపోయాయి. అతను బల్ల మీద పరిచిన నూనె గుడ్డ తీసేసి, దాని మీద దుప్పటి వేసి, చేయి అందించాడు. ఆమె ఎక్కి కూర్చుంది. మోకాళ్లు ముడవక్కర్లేకుండా కాళ్లు కిందికి వేలాడేసుకుని, ఇన్నేళ్లు ఈ సుఖం ఎవరూ చెప్పలేదే అన్నట్టు చుట్టూ చూసింది.

పాటలు మొదలయ్యాక కరెంటు పోయింది. మైకు ఆగిపోయింది. ముందు వరసల్లో పిల్లలు గుసగుసలాడుకున్నారు. ముసలివాళ్లకు తేడా తెలియలేదు. నర్సింగం పుస్తకం తెరిచి, గొంతు పెంచకుండా, ఎప్పటిలా పెదవులతో చెప్పడం మొదలుపెట్టాడు. గుమ్మం లోపల, బల్ల ఇనుప కాలికి ఆనుకుని నేల మీద కూర్చున్న వరప్రసాద్ ఆ పెదవులను ఒక్క ముక్కా వదలకుండా చదువుతున్నాడు.